అతికించిన ఎముక

డాక్టర్ లక్ష్మీకాంత్ ఎక్స్‌రేను వెలుగు పెట్టె మీద ఆనించి, పెన్ను మొనతో పై దవడ ముందు భాగాన్ని చూపించాడు.

"ఇగో, ఇక్కడ చూడండి మేడం. ముందు పళ్ళు నాలుగు లేవు. పళ్ళతోపాటు వాటిని పట్టుకొని ఉండే ఎముక గూడ విరిగిపోయింది. రాయి దెబ్బ గట్టిగ తగిలింది."

"ఎవరు తోల్కొచ్చిన్రు మీ దగ్గరికి?" విజయ అడిగింది.

"రేగొండ శ్రీపాల్ రెడ్డి గారే. ఊరేగింపుల ఎవడో విసిరిన రాయి వాళ్ల కొడుకు రాజేశ్ మీదికి వస్తుంటె ఈ జగన్ అడ్డం పోయిండట. మా వాని మొకం కాపాడిండు, వీని నోరు మంచిగ చేయాలె డాక్టర్ అన్నడు. ఆ రోజు ఆయన కండ్లల్ల నీళ్లు గూడ చూసిన."

జనగామలో లక్ష్మీకాంత్‌ది చిన్న దంతాల దవాఖాన. లోపల ఒక్కటే కుర్చీ, రోగిది. గుమ్మం పక్కన బల్ల మీద జమ్లీ కూర్చుని ఉంది. మరిపెడ దగ్గర తండా ఆమెది. జగన్ తల్లి. కూర్చోమని డాక్టర్ రెండుసార్లు కుర్చీ చూపించినా ఆమె బల్ల వదల్లేదు.

విజయ ఒకప్పుడు పోలీసు శాఖలో ఎస్సై. ఇప్పుడు హన్మకొండలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. ఎక్కువగా వచ్చేవి పెళ్లి సంబంధాల వాకబులే. జమ్లీ మాత్రం వేరే పని మీద వచ్చింది. "నా కొడుకు మీద ఖూనీ మాట పడ్డది బిడ్డా. వాన్ని దొరకబట్టి, వాడు చేయలేదని చెప్పిపియ్యి" అని విజయ చేతులు పట్టుకుంది. విజయ కూడా లంబాడీ తండాలో పుట్టిన మనిషే. జమ్లీ తమ ఇంటి భాషలో ఏడ్చిన తరువాత ఆ కేసు కాదనడం ఆమె వల్ల కాలేదు.

జరిగింది ఇదీ. సకల జనుల సమ్మెలో బొగ్గు గనులు ఆగిపోయి, భూపాలపల్లి గని దారి మనిషి అలికిడి లేకుండా పడి ఉన్న రోజుల్లో, ఆ దారి పక్కన కాలిపోయిన శవం ఒకటి దొరికింది. ముఖం ఆనవాలు పట్టేలా లేదు. పక్కన రాజేశ్ మోటార్ సైకిల్, శవం చేతికి రాజేశ్ వెండి కడియం ఉన్నాయి. తండ్రి శ్రీపాల్ రెడ్డి వచ్చి తన కొడుకే అన్నాడు. తెలంగాణ కోసం రాజేశ్ ఒళ్లు కాల్చుకున్నాడని ఊళ్లన్నీ ఏడ్చాయి. పెళ్లి కాని పిల్లవాడు గనుక దహనం చేయకుండా, దొరికిన చోటనే పాతిపెట్టారు. విద్యార్థులు చందాలు వేసుకుని పైన స్తూపం కట్టారు. తరువాత పెట్రోలు బంకు పనివాడు నోరు విప్పాడు. ఆ సాయంత్రం డబ్బాలో పెట్రోలు పట్టించుకుపోయింది రాజేశ్ దోస్తు జగన్ అన్నాడు. జగన్ అప్పటి నుంచి ఎవరికీ కనబడలేదు. దాంతో బలిదానం కాస్తా హత్య అయింది. పోలీసులు జగన్ కోసం చూస్తున్నారు. శ్రీపాల్ రెడ్డి అది చాలదని సొంతంగా ఒక డిటెక్టివ్‌ను కూడా పెట్టుకున్నాడు.

"ఏం వైద్యం చేసిన్రు?" విజయ అడిగింది.

"పళ్ళు లేని చోట ఇంప్లాంట్ పెట్టాలంటె కింద ఎముక గట్టిగ ఉండాలె. ఈ పిలగానికి అక్కడ కాయితం లెక్క పల్చబడ్డది. అందుకె వాని గడ్డం ఎముకల్నించే చిన్న ముక్క కోసి తీసి, పైన అతికించిన. కదలకుండ రెండు టైటానియం స్క్రూలు బిగించిన. ఎముకను ఎముక పట్టుకునుడంటె నెలల పని. అది పట్టుకున్నంక, స్క్రూలు తీసి ఇంప్లాంట్లు దించాలె. ఆఖరుకు పళ్ళు. కుట్లు చూసేటందుకు దసరా తర్వాత రమ్మన్న. రాలే."

"అంటె స్క్రూలు నోట్లనే ఉన్నయి."

"ఉన్నయి."

విజయ గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "పెట్రోలు మంటల పడితె అవి కరుగుతయా డాక్టర్?"

లక్ష్మీకాంత్ పెన్ను కింద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూశాడు. అడిగింది ఎందుకో అతనికి అర్థమయింది.

"కరగవు" అన్నాడు నెమ్మదిగా. "ఆ మంట వాటికి చాలదు."

"చూస్తె మీరు పెట్టినయే అని చెప్పగలరా?"

"చెప్పగల్గుత. ఎముక ఒకదిక్కు మరీ పల్చగున్నదని ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది వేసిన. గడ్డం దగ్గర ముక్క తీసిన గుంట గూడ ఇంక పూర్తిగ పూడి ఉండదు. రెండు చోట్ల చూస్తె చాలు." పెన్ను మళ్లీ చేతికి తీసుకున్నాడు. "కని శవపరీక్షల ఎందుకు చూడలేదు?"

"ముందు పళ్ళు మంటకు రాలిపోయినయనుకున్నరు. తండ్రే వచ్చి నా కొడుకు అన్నంక ఇంకెవరు నోరు తెరిచి చూస్తరు? డీఎన్ఏ అడిగెటోడు గూడ లేకపాయె."

గుమ్మం దగ్గర నుంచి జమ్లీ లేచి వచ్చింది. డాక్టర్ మాటలు ఆమె చెవిన సరిగ్గా పడలేదు. వెలుగు పెట్టె మీది బొమ్మను దగ్గరగా చూసింది.

"గిది మా జగన్‌దేనా సారూ?"

"అవునమ్మా."

"తారీఖు దాటిపోయిందని అనవు గద? వాడు దొరికినంక పండ్లు పెడ్తవు గద?" ఆమె ఎక్స్‌రేను వేలితో తాకబోయి వెనక్కి తీసుకుంది. "రొట్టె పాలల్ల నానేసి పెట్టిన సారూ. అదే తిన్నడు. నవ్వొస్తె చెయ్యి అడ్డం పెట్టుకునేటోడు. పండ్లు వచ్చినంక ఫోటో దిగుత యాడీ అన్నడు."

"పెడ్తనమ్మా" అన్నాడు డాక్టర్. అని, ఇంకెవరి ముఖమూ చూడకుండా ఎక్స్‌రేను తీసి కవర్లో పెట్టాడు.

బయటికి వచ్చేటప్పుడు విజయ అతన్ని అడిగింది. "మొకం లేని శవం గనక మల్ల చూడాలని దరఖాస్తు పెట్టిన, సమాధి తవ్వేటందుకు ఆర్డీవో ఆర్డర్ వచ్చింది. రేపు భూపాలపల్లి రాగల్గుతరా?"

"వస్త" అన్నాడు. "ఇప్పుడు ఆమెకు ఇచ్చిన మాట గూడ నేనే వచ్చి వాపస్ తీసుకోవాలె గద."

* * *

మహబూబాబాద్‌లో జగన్ అద్దెకున్న ఇంటి పక్క గదిలోనే మౌనిక ఉంటుంది. జగన్ పెదనాన్న కూతురు. నర్సింగ్ చదువుతోంది. పోలీసులతో ఆమె ఒక్కటే మాట చెప్పింది, తనకేమీ తెలియదని. విజయతో కూడా అదే చెప్పింది.

జమ్లీని జీపులోనే ఉంచి వచ్చిన విజయ తలుపు దగ్గరగా వేసింది. "మౌనికా, నేను పోలీసును కాదు. మీ చిన్నమ్మ పెట్టుకున్న మనిషిని. జగన్ ఆ రోజు నీకు ఫోన్ చేసిండు. ఫోన్ కంపెనీ దగ్గర ఆ సంగతి ఉంటది. ఏం మాట్లాడిండో మాత్రం నువ్వే చెప్పాలె."

మౌనిక చాలాసేపు చున్నీ కొసను మడిచింది, విప్పింది.

"చెప్తె అన్న మీదికే పోతది అక్కా."

"చెప్పకుంటె పోలేదా?"

ఆ మాటకు ఆ పిల్ల ఏడ్చేసింది. "కుట్లు మంచిగున్నయా అని నేనే మిస్డ్ కాల్ ఇచ్చిన. భూపాలపల్లి దీక్షా శిబిరంల ఉన్న అన్నడు. రాజేశ్ బండి గని దారిల ఆగిపోయిందట, పెట్రోలు అయిపోయిందట, డబ్బాల పట్కరమ్మని ఫోన్ చేసిండట. ఇచ్చొచ్చి చేస్త చెల్లె అన్నడు. మల్ల చేయలే."

"పెట్రోలు తెమ్మన్నది రాజేశ్. అదే చెప్పిండు గద?"

"అదే."

"ఇన్ని దినాలు ఎందుకు దాచినవు?"

"ఒకాయన వచ్చిండు. జగన్ ఏడ దాక్కున్నడని అడిగిండు, అక్కడికి పోయింది వాడే అని తేలితె ఉరే అన్నడు."

తలుపు బయట దగ్గు వినిపించింది. "ఆ ఒకాయనను నేనే" అంటూ లోపలికి వచ్చాడు హన్మంత్.

ఆయన రిటైరైన సీఐ. విజయ ఎస్సైగా పని నేర్చుకుంది ఆయన కిందనే. ఇప్పుడు ఆయనకూ హన్మకొండలోనే ఏజెన్సీ ఉంది, ఇంకా పెద్దది. శ్రీపాల్ రెడ్డి పెట్టుకున్నది ఆయననే.

"నమస్తే సార్" అంది విజయ, లేవకుండానే.

"పెండ్లి సంబంధాలు తక్కువైనయా విజయా, గిటు వచ్చినవు?"

"ఆడపిల్లను ఉరి పేరు చెప్పి భయపెట్టుడు మీరు నాకు నేర్పలే సార్."

"నిజం చెప్పిన. పెట్రోలు పట్టింది వాడు. మాయమైంది వాడు. నేను కలెక్టర్ దగ్గర చెప్పినా, జడ్జి దగ్గర చెప్పినా గదే." ఆయన కిటికీ దగ్గర నిలబడి, కింద జీపులో కూర్చున్న జమ్లీని చూశాడు. "తల్లి మొకం చూసి కేసు నడపొద్దు. గది మాత్రం నీకు నేర్పిన."

"మరి తండ్రి మొకం చూసి నడపొచ్చునా?"

హన్మంత్ ముఖం బిగుసుకుంది. "నీ మనిషి కాబట్టి నువ్వు గుంజుకుంటున్నవు. మీ తండాలన్నీ ఒక్కటే."

ఆ మాట వినడం విజయకు కొత్త కాదు. కొత్తది ఆయన నోటి నుంచి వినడమే. గొంతు పెంచకుండానే అడిగింది.

"సార్, సమ్మె అయిపోయింది, బస్సులు నడుస్తున్నయి, చలి గూడ వచ్చింది. ఇన్ని దినాల్ల జగన్‌ను చూసిన మనిషి ఒక్కడన్న దొరికిండా మీకు?"

"అడవి పెద్దది. అన్నలల్ల కలిసినా కలిసి ఉంటడు."

"నోట్ల కుట్లు పచ్చిగున్న మనిషి. మెత్తటి తిండి తప్ప తినలేడు. ఎముక అతుక్కుంటె పండ్లు పెట్టిచ్చుకుందామని దినాలు లెక్క పెట్టుకుంటున్నోడు. అడవిల కలుస్తడా?"

"ఏమంటవు నువ్వు? సూటిగ చెప్పు."

"రేపు ఆ సమాధి తవ్వుతున్నరు, అండ్ల పండుకున్నదెవరో చూద్దామంటున్న."

హన్మంత్ పెద్దగా నవ్వబోయి, సగంలో ఆగాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసు చేసిన మనిషి. నచ్చని మాటలో ఉన్న బరువు కూడా ఆయనకు తెలుసు.

"కన్నతండ్రి గుర్తుపట్టిండు" అన్నాడు చివరికి.

"కడియాన్ని గుర్తుపట్టిండు. మొకం లేదు గద సార్."

"సరే. రేపు నేనూ వస్త. అక్కడ రాజేశే ఉన్నడనుకో, నువ్వు ఆ తల్లిదండ్రుల కాళ్లు మొక్కి ఈ కేసు వదిలిపెట్టాలె."

"మొక్కుత" అంది విజయ. "జగన్ ఉన్నడనుకో సార్, మీరు ఎవరి కాళ్లు మొక్కుతరో గది గూడ అనుకొని రాండ్రి."

* * *

భూపాలపల్లి దారిలో జమ్లీ చాలాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. పరకాల దాటాక అడిగింది.

"మట్టిల ఉన్నది వాళ్ల పిలగాడే గద బిడ్డా. మల్ల తవ్వితె మన జగన్‌కు ఏమొస్తది?"

విజయ చెప్పాలనుకుంది. ఇంకా రుజువు కాలేదు కదా అని తనకు తానే సర్ది చెప్పుకుంది. "చూద్దాం యాడీ" అంది, తమ భాషలో అమ్మా అని పిలిచినట్టే. చూపు మాత్రం దారి మీది నుంచి తిప్పలేదు.

స్తూపం చుట్టూ తాడు కట్టి ఉంది. తహసీల్దార్, ఇద్దరు కానిస్టేబుళ్లతో ఎస్సై, ప్రభుత్వ వైద్యుడు, గడ్డపారలతో కూలీలు అప్పటికే వచ్చి ఉన్నారు. లక్ష్మీకాంత్ చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకుని వేరుగా నిలబడ్డాడు. హన్మంత్ తన క్లయింటు పక్కన ఉన్నాడు.

శ్రీపాల్ రెడ్డి తెల్ల చొక్కాలో, భుజం మీద తువ్వాలతో నిటారుగా ఉన్నాడు. "నా కొడుకు పండుకున్న చోట పార దించుతరా? పానం ఇచ్చిన పిలగాన్ని గిట్ల చేస్తరా?" అని తహసీల్దార్ మీద విరుచుకుపడ్డాడు. తహసీల్దార్ ఆర్డర్ చూపించాడు. శ్రీపాల్ రెడ్డి భార్య సులోచన గొడవలో కలవలేదు. వారం వారం వచ్చి ఆ స్తూపం దగ్గర దీపం పెట్టి పోయే మనిషి ఆమె. తాడు దగ్గర నిలబడి, "జర నెమ్మదిగ తవ్వుండ్రి నాయినా" అని కూలీలను బతిమాలింది.

స్తూపం పక్క నుంచి మట్టి తీశారు. విజయ గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుంది. బట్ట విప్పినప్పుడు అందరూ ముఖాలు తిప్పుకున్నారు. ప్రభుత్వ వైద్యుడు పుర్రెను, కింది దవడను జాగ్రత్తగా తీసి తెల్ల గుడ్డ మీద పెట్టాడు. లక్ష్మీకాంత్ గ్లౌజులు వేసుకుని, మెత్తటి బ్రష్‌తో పై దవడ మీది మట్టి దులిపాడు.

బూడిద రంగు ఎముక మీద చిన్న లోహపు తల ఒకటి మెరిసింది. ఇంకొంచెం దులిపాడు. దాని పక్కన రెండోది.

ఆయన కవర్లో నుంచి ఎక్స్‌రే తీసి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. హన్మంత్ తాడు దాటి వచ్చి ఆయన భుజం మీదుగా చూశాడు. బొమ్మలో ఉన్న రెండు స్క్రూలు, గుడ్డ మీద ఉన్న రెండు స్క్రూలు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. లక్ష్మీకాంత్ కింది దవడను తిప్పాడు. గడ్డం దగ్గర నాలుగు పలకల గుంట, అంచులు అప్పుడప్పుడే గుండ్రబడుతూ, మానడం సగంలో ఆగిపోయి ఉంది.

"ఇది జగన్" అన్నాడు. తహసీల్దార్ వైపు తిరిగాడు. మళ్లీ అన్నాడు. "నేను వైద్యం చేసిన జగన్. వేరెవరు కాదు."

విజయ ఒక్క విషయం కోసం దవడ మీదికి వంగింది. "ఈ స్క్రూ ఎందుకు వంగింది డాక్టర్?"

లక్ష్మీకాంత్ పొడుగు స్క్రూను చూశాడు. అతికించిన ఎముక ముక్క అక్కడ అడ్డంగా చిట్లి ఉంది. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"నేను బిగించినప్పుడు నిలువుగ ఉండె. ఎక్స్‌రేల గూడ నిలువుగనే ఉన్నది. మంటకు టైటానియం వంగదు. దెబ్బకు వంగుతది."

"చచ్చిపోయినంక పాతిపెట్టేటప్పుడు తగిలిందేమో?"

ప్రభుత్వ వైద్యుడు భూతద్దంతో చూసి తల అడ్డంగా ఊపాడు. "పగులు లోపల మసి పట్టింది. అంటె పగులు ముందు, మంట తర్వాత. మొకం మీద గట్టిగ కొట్టిన్రు. ఆ తర్వాతనే కాలింది."

విజయ లేచి వెనక్కి తిరిగింది. జమ్లీ తాడు ఇవతల నేల మీద కూర్చుని ఉంది. విజయ దగ్గరికి వెళ్లి, తమ భాషలో చెప్పాలని నోరు తెరిచింది.

"చెప్పకు బిడ్డా" అంది జమ్లీ. "దారిల్నే సమజయింది. నువ్వు చూద్దామన్నవు గని నా దిక్కు చూడలే."

ఆమె లేచి గుడ్డ దగ్గరికి నడిచింది. ఎస్సై ఆపబోతే తహసీల్దార్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. జమ్లీ కూర్చుని, తల మీది ఓఢ్ని కొంగుతో గడ్డం ఎముక మీద మిగిలిన మట్టిని తుడిచింది. పసిపిల్లవాడి మూతి తుడిచినట్టే తుడిచింది. ఏడవలేదు. కొంతసేపటికి లక్ష్మీకాంత్ వైపు తలెత్తింది.

"సారూ, మంట వానికి తెలిసి ఉంటదా?"

లక్ష్మీకాంత్ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "ఇంత దెబ్బ తగిలినంక సోయి ఉండదమ్మా. వానికి ఏం తెలిసి ఉండదు."

ఆమె ఆ మాటను పట్టుకుని తల ఊపింది.

అంతసేపూ విజయ వేరొకరిని చూస్తోంది. నీ కొడుకు చనిపోలేదు, సమాధిలో ఉన్నది వేరే పిల్లవాడు అని ఎవరైనా చెబితే, కన్నవాళ్లు ముందు అడిగే మాట ఒక్కటే ఉంటుంది. శ్రీపాల్ రెడ్డి ఆ మాట అడగలేదు. తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, కారు నిలిపిన వైపు చూస్తున్నాడు.

అడిగింది సులోచన. "ఇది రాజేశ్ కాదా? అయితె నా కొడుకు ఏడి?" తాడు పట్టుకుని ఊగిపోతూ, అందరి ముఖాలూ చూసింది. "సారూ, మీరన్న చెప్పుండ్రి. నా కొడుకు ఏడి?" అని హన్మంత్‌ను అడిగింది. ఆయన శ్రీపాల్ రెడ్డి వైపు చూశాడు. ఆమె భర్త వైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది.

"మీరు అడుగుతలేరేంది?"

శ్రీపాల్ రెడ్డి చూపు ఇంకా కారు వైపే ఉంది.

"ఏంది అడుగుతలేవు?" పెళ్లయిన నాటి నుంచి మీరు తప్ప అనని మనిషి, మొదటిసారి ఏకవచనంలోకి వచ్చింది. "వాడు ఏడున్నడో నీకు ఎరికనా?"

"ఇంటికి పోదాం పా."

"నేను గిక్కడ దీపాలు పెట్టిన. అన్నం ముట్టకుంట పండుకున్న. నువ్వు నా పక్కన కూసొని, ఊకో అన్నవు. ఎరికుండే అన్నవా?"

ఆయన భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి. "బతికే ఉన్నడు" అన్నాడు, ఆమెకు మాత్రమే చెబుతున్నట్టు. "కొత్తగూడ దిక్కు, మన కౌలు చేన్ల."

ఎస్సై ముందుకు వచ్చాడు. హన్మంత్ ఆయన కంటే ముందు శ్రీపాల్ రెడ్డి ఎదుట నిలబడ్డాడు. ముఖం నల్లబడి ఉంది. "సచ్చిపోయినోన్ని ఎతకమని నన్ను పెట్టుకున్నరా? ఆ పిల్లను బెదిరిచ్చిన నేను. ఈ తల్లి కొడుకును ఖూనీ చేసినోడన్న. మీ కొడుకు నిమ్మలంగ దాక్కునేటందుకా?"

"అట్ల కావాలని కాదు." శ్రీపాల్ రెడ్డి మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. "వాడు పేరు కావాలన్నడు. తెల్లారి శిబిరంల మీద పెట్రోలు పోసుకుంట, అగ్గిపుల్ల గీసే యాల్లకు దోస్తులు ఉరికొచ్చి పట్టుకుంటరు, టీవీలల్ల వస్తది అన్నడు. నేనూ సరే అన్న. రేపు టికెట్ అడగాలంటె గంత పేరు ఉండాలె అనుకున్న. జగన్‌కు ఆ ముచ్చట తెల్వది. బండికే అనుకొని పెట్రోలు తెచ్చిండు. తెలిసినంక డబ్బా ఇయ్య అన్నడట. మా తండల చాంద్యా తెలంగాణ కోసం నిజంగ కాలి సచ్చిండు, వాన్ని తీసుకపోయి పాతిపెట్టింది నేను, నువ్వు దాన్ని ఆట చేస్తవా, రేపు శిబిరంల అందరికి చెప్త అన్నడట. రాజేశ్‌కు కోపమొచ్చింది. అక్కడ పడున్న ఇనుప రాడ్డుతోని మూతి మీద కొట్టిండు."

తన కొడుకు మీదికి వచ్చిన రాయిని ఆపిన మూతి అది. ఆ సంగతి అక్కడ అందరికంటే బాగా ఆయనకే తెలుసు. చెప్పి, తల దించుకున్నాడు.

"మంట పెట్టింది రాజేశేనా?" విజయ అడిగింది.

"వాడు నాకు ఫోన్ చేసిండు. ఏడుస్తుండు. నేను కారేసుకొని పోయిన." భుజం మీది తువ్వాల తీసి చేతికి చుట్టుకున్నాడు. "కడియం నేనే తొడిగిన. పెట్రోలు నేనే పోసిన."

ఎస్సై ఆయన చేయి పట్టుకున్నాడు. ఆయన విడిపించుకోలేదు.

గుడ్డ దగ్గర నుంచి జమ్లీ అడిగింది. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలన్న ఆరాటం ఒక్కటే ఉంది.

"దొరా, నువ్వు పోయే యాల్లకు నా కొడుకుకు ఊపిరి ఉండెనా?"

శ్రీపాల్ రెడ్డి పెదవులు కదిలాయి. లక్ష్మీకాంత్ చటుక్కున తలెత్తి, చెప్పొద్దన్నట్టు చూశాడు. ఆయన అది గమనించే స్థితిలో లేడు.

"చూడలే" అన్నాడు.

జమ్లీ చేతిలో ఓఢ్ని కొంగు అట్లాగే ఆగిపోయింది. డాక్టర్ ఇచ్చిన ఒక్క ఓదార్పూ అక్కడితో పోయింది. ఆమె ముందుకు వంగి, నుదురు నేలకు ఆనించింది. అప్పుడు వచ్చింది ఏడుపు. సన్నగా, ఆగకుండా, తమ భాషలో కొడుకును పిలుస్తూ ఏడ్చింది. విజయ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

హన్మంత్ టోపీ తీశాడు. నిన్న పందెంగా అన్న మాట ఎవరూ గుర్తు చేయనక్కర లేకుండానే, జమ్లీ దగ్గరికి నడిచి ఆమె పాదాల దగ్గర నేలను తాకాడు. ఆమెకు ఆ సంగతి తెలియలేదు.

ఎస్సై కానిస్టేబుళ్లకు చెబుతున్నాడు. "కొత్తగూడకు ఫోన్ చేయుండ్రి. బలగం తీసుకొని చేను చుట్టుముట్టాలె."

"వద్దు సార్!" శ్రీపాల్ రెడ్డి పెనుగులాడాడు. "వాని దగ్గర నాటు తుపాకి ఉన్నది. పందుల కోసం ఉంచిన. పోలీసోళ్లు కనబడితె కాల్చుకుంట అన్నడు. నిద్ర పోతలేడు, తింటలేడు, రోజు జగన్ పేరు పెట్టి ఒర్రుతుండు. ఈసారి ఉత్తుత్తి కాదు సార్, నిజంగ చేస్తడు."

"ఆ చేను తొవ్వ నాకు ఎరికే" అంది సులోచన. "నేను వస్త. ముందు నేను పోత. నా మాట వింటడు." జీపు వైపు రెండడుగులు వేసి, బానెట్ పట్టుకుని నిలబడిపోయింది. కొడుకు బతికి ఉన్నాడని తెలిసి గంట కూడా కాలేదు. వాడు చేసింది తెలిసింది. ఇప్పుడు మళ్లీ పోతాడేమోనన్న భయం.

జమ్లీ తల ఎత్తింది. ముఖానికి మట్టి అంటుకుని ఉంది. విజయ భుజం ఊతం చేసుకుని లేచి, సులోచన దగ్గరికి వెళ్లింది. ఆ ఇద్దరు తల్లులూ అంత దగ్గరగా ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. ఎస్సై అడ్డం రావాలా అన్నట్టు విజయ వైపు చూశాడు. విజయ కదలలేదు.

"అక్కా" అంది జమ్లీ, సులోచన మణికట్టు పట్టుకుని. "వాన్ని సావనియ్యకు. తోల్కరా. నా కొడుకు ఆఖరికి ఏం మాట్లాడిండో ఎరికున్నోడు వాడొక్కడే."

సులోచన తల ఊపింది. జమ్లీనే ఆమెను చేయి పట్టి జీపు ఎక్కించింది.